రెండు నంబర్ల కారు

స్మరాండకు బొమ్మలంటే పడదు, కార్లంటే ప్రాణం. పన్నెండేళ్ళ ఆడపిల్ల కిటికీకి అతుక్కుపోయి వీధిలో పోయే బళ్ళు చూస్తూ కూర్చుంటే బ్రయీల ఊళ్ళో ఎవరికి నచ్చుతుంది? తల్లి లెటీషియాకైతే అసలు నచ్చేది కాదు. "ఏ లారీ డ్రైవరుకో ఇచ్చి చేస్తానే నిన్ను, పీడా పోతుంది" అని సాధించేది. స్మరాండ వింటేగా! చూసిన ప్రతి బండినీ గళ్ళ నోటుబుక్కులో ఎక్కించేది. నంబరు, రంగు, ఏ చక్రం మీద సొట్ట ఉంది, హారను ఎలా మోగింది, ఇంజను ఆగేముందు ఎన్నిసార్లు దగ్గింది, దిగినవాళ్ళ చేతుల్లో ఏముంది, ఒక్కటీ వదిలేది కాదు. చూసింది చూసినట్టు రాయడంలో ఆ పిల్లకు అదో తిక్క ఆనందం.

ఆ ఆనందమే కొంప ముంచబోయింది.

ఆ రోజుల్లో రుమేనియాలో పెట్రోలు బండికి నెలకు ఇరవై లీటర్లే. అది చాలదన్నట్టు ఒక ఆదివారం సరిసంఖ్య బళ్ళే రోడ్డెక్కాలి, మరుసటి ఆదివారం బేసిసంఖ్యవి. స్మరాండ వాళ్ళ మేడలోనే మూడో అంతస్తులో ఉండే ట్రయాన్‌ది బేసి నంబరు. అయినా ఆయన బండి ప్రతి ఆదివారమూ కదిలేది. బేసివారం తన నంబరు ప్లేటు, సరివారం చచ్చిపోయిన బావమరిది బండి ప్లేటు బిగించుకుని పల్లెకు పోయేవాడు. అక్కడ తమ్ముడు దొంగచాటుగా కోసిన దూడమాంసం డిక్కీలో వేసుకొచ్చేవాడు. అనుమతి లేకుండా దూడను కోస్తే జైలే, అందులో అనుమానమేం లేదు. ఆ మాంసాన్ని ఆ మెట్ల వరసలో ఉన్న ఇళ్ళన్నీ పంచుకునేవి. లెటీషియా వండేది, స్మరాండ మూలుగ ఎముక జుర్రుకునేది. ఎక్కడిదని ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు.

ప్లేటు మార్చి మనుషుల కళ్ళు కప్పొచ్చు. కార్ల పిచ్చి ఉన్న పిల్ల చెవుల్ని ఏం చేస్తారు? రెండు నంబర్లదీ ఒకే బండని స్మరాండ నెల తిరక్కుండానే పట్టేసింది. పట్టేసి ఊరుకుందా? ఘనకార్యం చేసినట్టు తేదీలతో సహా రాసి కింద ఎర్ర గీత గీసింది.

ఒక బుధవారం సాయంత్రం లెఫ్టినెంట్ కోర్బు తలుపు తట్టాడు. ఆ పేటకంతటికీ పోలీసు ఆయనే. సన్నగా ఉంటాడు, మెల్లగా మాట్లాడతాడు. అరిచేవాడైతే ఇంత భయపడేవారు కాదు.

"మీ అమ్మాయి బళ్ళ నంబర్లు రాస్తుందటగా, కామ్రేడ్?"

"పిల్ల చేష్టలు కామ్రేడ్ లెఫ్టినెంట్, ఏదో ఆడుకుంటుంది."

"ఆడుకోనివ్వండి. ఆ పుస్తకం ఓసారి ఇలా ఇవ్వండి, చూసిస్తాను."

"బడిలో ఉండిపోయింది" అంది లెటీషియా కన్నార్పకుండా. పుస్తకం ఆవిడ కూర్చున్న కుర్చీ మెత్త కిందే ఉంది.

కోర్బు కాసేపు ఆ కుర్చీ వైపే చూశాడు. తర్వాత స్మరాండ వైపు తిరిగి, "రేపు నాలుగింటికి స్టేషనుకి తెచ్చివ్వమ్మా. నాకు ఆదివారాలు చాలు" అని వెళ్ళిపోయాడు.

ఆదివారాలు చాలట. ట్రయాన్ బండి సంగతి ఆయన పసిగట్టాడని ఆ మాటతో తల్లికీ కూతురికీ అర్థమైపోయింది.

"దీన్ని పొయ్యిలో పెడతాను" అంది లెటీషియా, లేచి పుస్తకం బయటికి తీస్తూ.

"పెడితే రేపేమిస్తాం?"

"పోయిందంటాం."

"ఇవాళ బడిలో ఉండి రేపటికి పోయిందా? వాడు నమ్మడమ్మా."

లెటీషియా కుర్చీలో కూలబడింది. "అసలు నీ సంగతి వాడి చెవినెవరు వేశారే? కింది వాటా ముసలావిడ మొన్న పాల క్యూలో నన్ను చూసి నవ్వింది. ఊరికే నవ్వుతుందా ఆవిడ?"

"ట్రయాన్ బాబాయ్‌కి చెప్పొద్దా?"

"నోర్మూసుకో. చెబితే భయపడతాడు. భయపడ్డవాడు వాగుతాడు. వాగితే వాడొక్కడే పోతాడా? తిన్నవాళ్ళందరి చేతా కక్కిస్తారు."

మర్నాడు స్మరాండ బడి ఎగ్గొట్టింది. అలాంటి నోటుబుక్కే ఇంకోటి తీసి పొద్దున్నుంచి మూడున్నర దాకా మూడు నెలల ఆదివారాలు కొత్తగా రాసింది. పాతదిలా కనబడాలని మూడు కలాలు మార్చింది, అక్కడక్కడా కాఫీ ఒలికించింది. పాత పుస్తకం పొయ్యిలోకి పోయింది.

ఆ పనిలో ఆమెకొక సంగతి తెలిసొచ్చింది. ట్రయాన్ ఒక్క బండిని రెండు బళ్ళుగా చేయాలంటే నంబర్లు రెండుంటే సరిపోదు, ప్రాణాలు రెండుండాలి. అందుకని సరిసంఖ్య బండి ఇంజనుకు వేరే గొంతు ఇచ్చింది. వెనక అద్దం మీద పగులు పెట్టింది. దాన్ని నడపడానికి ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒకావిడను పుట్టించింది. ఆవిడ ఎవరింటికీ రాదు. బండి ఆపి పావుగంట స్టీరింగు పట్టుకుని కూర్చుని వెళ్ళిపోతుంది. రాస్తున్నంతసేపూ స్మరాండకు భయం గుర్తు రాలేదు. నాలుగింటికి పుస్తకం పట్టుకుని స్టేషనుకి వెళ్ళింది.

కోర్బు ఒక్కో పేజీ వేలితో నొక్కి చదివాడు. తర్వాత ఆమెను కిటికీకి వీపు పెట్టి నిలబెట్టాడు.

"వెనక ఏ బండి పోతోందో చెప్పు."

"రొట్టెల లారీ, కామ్రేడ్. గేరు సరిగ్గా పడటం లేదు."

"ఇప్పుడు?"

"చిన్న కారు. సైలెన్సరు ఊగుతోంది. డ్రైవరు కొత్తవాడు."

కోర్బు బయటికి తొంగి చూసి వచ్చి కూర్చున్నాడు. "ఈ రెండు బళ్ళూ ఒకే రంగు, ఒకే రకం. ఎందుకలా?"

"ఊళ్ళో సగం బళ్ళు అదే రంగు, కామ్రేడ్. గొంతులు వేరు. రాశానుగా."

"రాశావు." పేజీ తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. "ఈ టోపీ ఆవిడ ఎందుకేడుస్తోంది?"

ఏడుస్తోందని స్మరాండ రాయలేదు. ఆయనే అలా చదువుకున్నాడు. "తెలీదు కామ్రేడ్" అంది.

"తెలుసుకో. ప్రతి సోమవారం నాలుగింటికి వచ్చి రాసినదంతా ఇచ్చి వెళ్ళు. బాగా రాస్తున్నావు."

ట్రయాన్ బతికిపోయాడు, స్మరాండ ఇరుక్కుపోయింది. కాదంటే ఎందుకు కాదంటావని అడుగుతారు. అందుకని వారం వారం వెళ్ళింది, మూడేళ్ళు. వివరం మరీ ఎక్కువైతే ఆయన కళ్ళు చిన్నవయ్యేవి, తక్కువైతే వేలు పేజీ మీద ఆగిపోయేది. ఎంత చెబితే నమ్ముతారో, ఎక్కడ ఆపితే ఇంకా చెప్పమంటారో ఆ వేలిని చూసి నేర్చుకుంది. ఏ పంతులమ్మ నేర్పుతుంది ఇలాంటి చదువు?

నాలుగో నెలలో కోర్బు గొంతు తగ్గించి, "ఆ టోపీ ఆవిడ ఎవరో కనిపెట్టేశాం. పైకి కూడా రాశాను" అన్నాడు. లేని మనిషిని ఎలా కనిపెడతారు అనుకుంది స్మరాండ. పై అధికారి దగ్గర తెలీదంటే తనమీదే అనుమానం వస్తుందని ఈయన ఏ పాపమెరగని ఇల్లాలి పేరో రాసి పారేసి ఉండాలి. ఆ సోమవారం నుంచి ఊళ్ళో ఆకుపచ్చ టోపీ కనిపిస్తే ఆ పిల్లకు అన్నం సహించేది కాదు. వెంటనే పుస్తకంలో ఆ బండి రంగు మార్పించింది, దాన్ని కొన్‌స్టాంత్సా ఊరివాడెవడికో అమ్మించింది, టోపీ ఆవిడకు ఊరవతల ఒక ముసలి మొగుణ్ణి చూసి పెళ్ళి చేసి పంపేసింది. కోర్బు నెల రోజులు దిగాలుగా ఉన్నాడు. స్మరాండ ఇంకో బండిని తెచ్చి ముందు పెట్టక తప్పలేదు.

స్టేషనులో ఇంత జరుగుతుంటే మెట్లమీద వేరే కథ నడుస్తోంది. సోమవారం సోమవారం ఆ పిల్ల స్టేషనులోకి వెళ్ళడం ట్రయాన్ కళ్ళారా చూశాడు. అంతే, ఆదివారాలు బండి తీయడం మానేశాడు. మాంసం ఆగిపోయింది. ఆగిపోవడానికి కారణం ఎవరో అందరికీ తెలిసిపోయింది. లెటీషియా ఉప్పు అప్పడిగితే లేదన్నారు. స్మరాండ గుడ్‌మార్నింగ్ చెబితే ట్రయాన్ భార్య ఓలింపియా గుమ్మం ముందు ఉమ్మేసేది. చెప్పేద్దామని ఎన్నిసార్లు స్మరాండ నాలుక చివరిదాకా వచ్చిందో! తల్లి చెయ్యి గిల్లి ఆపేది.

ఎనభై తొమ్మిది డిసెంబరులో కమ్యూనిస్టు ప్రభుత్వం కూలింది. కోర్బు ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. జనవరిలో ఒకరోజు ట్రయాన్ మెట్లమీద స్మరాండకు అడ్డంగా నిలబడ్డాడు. వెనక ఓలింపియా, ఇంకో ఇద్దరూ ఉన్నారు. ఆమెకప్పుడు పదిహేనేళ్ళు.

"ఇప్పుడు చెప్పు. మూడేళ్ళు ఏం రాసిచ్చావే వాళ్ళకి?"

ఇక భయం లేదనుకుంది స్మరాండ. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట చెప్పేసింది. "అన్నీ కట్టుకథలే బాబాయ్. నీ బండిని రెండు బళ్ళని రాశాను, నువ్వు దొరక్కూడదని."

ట్రయాన్ ముఖం మారింది. ఒక్క క్షణం ఆయన నమ్మాడనే అనుకుందామె.

"అయితే నా బండికి రెండు నంబర్లని నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"చూసి రాసుకున్నాను. తర్వాత కాల్చేశాను."

"రాసుకున్నావు" అన్నాడు ట్రయాన్ వెనక్కి తిరిగి, అందరూ విన్నారా అన్నట్టు. "నా బండి నంబర్లు రాసుకుంది. తన నోటితోనే చెప్పింది."

స్మరాండ ఇంకా చెప్పబోయింది. చెప్పిన ప్రతి మాటా ఆయన చేతికి కొత్త సాక్ష్యంగా అందుతోందని తెలిసి ఆపేసింది. లేని ఆవిడను పుట్టించి పోలీసువాణ్ణి నమ్మించిన పిల్ల, ఉన్న నిజంతో పక్కింటాయన్ని నమ్మించలేకపోయింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి ఏడ్చిన ఏడుపు మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు.

స్మరాండ ఇప్పుడు పెద్ద పత్రికలో కార్ల గురించి రాస్తుంది. కొత్త బండి వస్తే ముందు ఆమె ఏమందో చూసి కొనేవాళ్ళు దేశమంతా ఉన్నారు. ఉత్తరాల్లో "మీ మాట మీద నమ్మకంతో కొన్నాం" అని రాస్తారు. తల్లి పోయాక కూడా ఆమె అదే ఇంట్లో ఉంటోంది. ట్రయాన్‌కు ఎనభై దాటాయి, ఎండ కోసం మెట్లమీదే కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడుతుంటాడు. స్మరాండ సంచులు పట్టుకుని పైకి వస్తుంటే మాట మధ్యలో ఆపేస్తాడు. ఆమె తలుపు మూసుకున్న చప్పుడు వినబడ్డాక మళ్ళీ మొదలుపెడతాడు.