ఏ కొట్టు మీద నష్టం?

ఇన్‌కమ్‌టాక్స్ ఆఫీసు నుంచి తాఖీదు వచ్చిన దగ్గర్నుంచి అబ్దుల్ వహాబుకి అన్నం గొంతు దిగలేదు. పాతపోస్టాఫీసు దగ్గర గొడుగులమ్ముకునే మనిషి. తడుస్తున్నవాడికి అప్పుగా గొడుగిచ్చి మరిచిపోతాడు గానీ, ఒక్క మాట పడితే మాత్రం నిద్రపోడు. అలాంటివాడు దొంగ లెక్క చూపించాడట!

అసలు జరిగింది ఇదీ. పెరట్లో బియ్యం, కట్టెలు దాచుకునే గది కట్టమని మేస్త్రి కామరాజుకి డబ్బంతా ముందే పోశాడు. వాడు మొండిగోడలు లేపి, ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్ల పనుందంటూ జారుకున్నాడు. పెద్దమనుషుల్లో పెట్టినా పైసా రాలలేదు. ఆ ఏడు లెక్కలు రాసిన శ్రీరామ్మూర్తి పట్నంలో పుట్టి పెరిగినవాడు. "నష్టాలేమైనా ఉన్నాయా?" అని అడిగితే వహాబు కడుపుమంట కొద్దీ, "కొట్టు మీద శానా పోనాది బాబూ" అన్నాడు. ఆయన దాన్ని వ్యాపార నష్టం కింద రాసేశాడు. వహాబు బుద్ధి గడ్డి తిని, చదవకుండా సంతకం పెట్టాడు.

తాఖీదు పట్టుకుని వహాబు వెళ్లేసరికి ఆఫీసరు సన్యాసిరాజు కాగితంలోంచి తలెత్తలేదు.

"కొట్టు మీద నష్టం ఎలా వచ్చింది?"

"మేస్త్రి కొట్టు కట్నేదండి. గోడలే ఉన్నాయి."

"మరి గొడుగులు ఎక్కడ అమ్ముతున్నారు?"

"కొట్లోనండి."

సన్యాసిరాజు మొహం ఎర్రబడింది. "ఏటి, ఎటకారమా? జరిమానా పడుద్ది!"

వహాబుకి కళ్లనీళ్లొచ్చాయి. "గొడుగుల కొట్టు కాదు బాబూ. ఇంటికాడ బియ్యం బస్తాలెట్టుకునే కొట్టు."

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. ఆయనది సబ్బవరం దగ్గర వ్యవసాయపు ఇల్లు. "ఓర్నాయనో! మా ఇంటికాడ వడ్లు పోసీది కూడా కొట్టే!" అంటూ పడీ పడీ నవ్వాడు.

నవ్వు ఆగాక మెల్లగా చెప్పాడు. "సొంతింటి నష్టాన్ని వ్యాపారంలో చూపించకూడదు సాయిబుగారూ. ఆ పద్దు కొట్టేస్తాను."

"ఏ కొట్టండీ?" వహాబు ఉలిక్కిపడ్డాడు.

"మీ రెండు కొట్లూ క్షేమమే! దానికి పడే పన్ను కట్టేయండి, చాలు. కావాలని చేసింది కాదు కనక జరిమానా లేదు. దొంగ లెక్క అన్న మాటా లేదు."

ఆ ఆఖరి మాటకి వహాబు గుండెల మీంచి బస్తా దించినట్టయింది.

ఇంటి గుమ్మంలో భార్య జమాలున్నీసా తస్బీ పూసలు తిప్పుతూ ఎదురుచూస్తోంది. "ఏటన్నారు?"

"నష్టం మనదేనంట. దొంగతనం మాత్రం మనది కాదంట" అని వహాబు చెప్పులు విడిచి, నేల మీద చతికిలబడ్డాడు. "అన్నం పెట్టు. ఆకలేత్తంది."