పట్టాలకు ఇవతల బూత్

గదికి రెండో తలుపు పెట్టాలి. మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా వాలు కట్టాలి. లోపల వెలుతురు చాలదు, ఇంకా లైట్లు వేయించాలి. తాగే నీళ్ల కుళాయి కారకుండా చూడాలి. లోపలా బయటా ఏ గోడ మీదా ఎన్నికల గుర్తులు గానీ, నాయకుల బొమ్మలు గానీ, క్యాండిడేట్ల పేర్లు గానీ కనిపించకూడదు. ఇవన్నీ శుక్రవారం సాయంత్రంలోగా అయిపోవాలి.

ఎన్నికల ఆఫీసు మేడమ్ చెబుతూ ఉంటే నేను రాసుకున్నాను. మా వీధిలో డిగ్రీ చేసిన మొదటిదాన్ని నేనే. అందుకని ఆఫీసు పని ఏదొచ్చినా నా నెత్తినే పడుతుంది. ఆ మాటకొస్తే బరువనిపించలేదు ఎప్పుడూ.

"ఇవి పూర్తయితే ఈ గదిని పోలింగ్ బూత్‌గా రాసి పంపిస్తాను. లేదంటే పాత చోటే ఉంటుంది. ఆ తర్వాత నా చేతిలో కూడా ఉండదమ్మా," అంది మేడమ్. మర్యాదగానే అంది.

గది కుట్టుపనివాళ్ల సంఘానిది. పొడుగాటి రేకుల గది. కత్తిరింపు బల్లలు, నేల పగుళ్లలో దారపు ముక్కలు, ఇస్త్రీ పెట్టెల వేడికి రంగు మారిన కిటికీ చెక్క. వెనక గోడకి గోదాము ఆనుకుని ఉంది. ఒక పక్క మురుగు కాలువ. తలుపు పెట్టడానికి వీలైనది సందు వైపు గోడ ఒక్కటే.

సందు వైపు గోడ మీద బయట, పైనుంచి కింద దాకా, పెద్దమ్మ ఉంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. జీవితమంతా రవికలూ యూనిఫారాలూ కుట్టింది. వీధిలో మాత్రం ఆవిడని కుట్టే ఆవిడ అని ఎవరూ అనరు, క్యాండిడేటమ్మ అంటారు. ఇండిపెండెంటుగా నిలబడింది, కుట్టు మిషన్ గుర్తు మీద. ఎన్నిక వచ్చినప్పుడల్లా పెదనాన్న ఆ గోడ మీద పెద్ద కుట్టు మిషన్, దాని కింద ఆవిడ పేరు రాసేవాడు. ఆయన బోర్డులు రాసే పెయింటర్. పాత రంగు మీద కొత్త రంగు, మళ్లీ దాని మీద ఇంకొకటి. గోడ చేత్తో తడిమితే ఆ మిషన్ ఉబ్బెత్తుగా తగిలేది. పెదనాన్న పోయాక ఆవిడ మళ్లీ నిలబడలేదు. గోడని ఎవరూ ముట్టుకోలేదు.

మా నియోజకవర్గం చరిత్ర అడిగితే పెద్దవాళ్లు గెలిచినవాళ్ల వరస చెబుతారు. మొదట మిల్లు యజమాని గెలిచాడు. ఆ మిల్లు కార్మికుల తరఫున వాదించిన వకీలు ఆయన్ని ఓడించాడు. వకీలు తర్వాత వకీలు అల్లుడు. బావ మీద కోపంతో వకీలు కొడుకు వేరే పార్టీలో చేరి పోటీకి దిగితే, ఇంటి గొడవలో ఓట్లు చీలిపోయి, ఎవరూ లెక్కలోకి తీసుకోని కళ్ల డాక్టరమ్మ గెలిచింది. ఇప్పుడు మళ్లీ అల్లుడే.

పెద్దమ్మ ఈ పోటీల్లోకి ఒక గూడ్సు బండి వల్ల వచ్చింది. మా వీధి రైలు పట్టాలకి ఇవతల ఉంది, బూత్ అవతల ఉండేది. ఆ ఏడు ఓట్ల రోజున గేటు దగ్గర గూడ్సు బండి ఒకటి ఆగిపోయి, పోలింగ్ ముగిసేదాకా కదల్లేదు. వీధి వీధంతా గేటు ముందు నిలబడి, ఓటు వేయకుండానే ఇంటికొచ్చింది. ఆ తర్వాత పెద్దమ్మ గెలిచినాయన దగ్గరికీ వెళ్లింది, ఓడినాయన దగ్గరికీ వెళ్లింది. "మాకు ఇవతల బూత్ పెట్టించండి" అంది. ఇద్దరూ అలాగేనమ్మా అన్నారు, ఇద్దరూ మర్చిపోయారు. అప్పుడు నామినేషన్ వేసింది.

మొదటిసారి ఆవిడకి ఇంట్లోవాళ్ల ఓట్లు కూడా పడలేదు. ఎవరో కుట్ర చేసి కాదు. "మన ఓటు మనకే వేసుకుంటే ఏం బాగుంటుంది? వడ్డించే మనిషి ముందు తన కంచంలో వేసుకుంటుందా?" అని ఆవిడే ఇంటిల్లిపాదికీ చెప్పింది. తాను వెళ్లి వకీలుకి వేసి వచ్చింది. పెదనాన్న మిల్లు యజమానికి వేశాడు. మా అమ్మ ఎవరికి వేసిందో ఇప్పటికీ చెప్పదు. లెక్కింపు హాల్లో పక్కన కూర్చున్న ఏజెంటు నవ్వుతూ చెబితే గానీ, ఎవరి ఓటు వాళ్లకే వేసుకోవచ్చన్న సంగతి మావాళ్లకి తెలియలేదు.

సరే, ఈసారి వేసుకుందాం అనుకునేలోపు హద్దులు మార్చారు. వీధికి కుడివైపు మా నియోజకవర్గం, ఎడమవైపు పక్క నియోజకవర్గం. పెద్దమ్మ మిషన్ కుడివైపు సంఘం గదిలో, ఇల్లు ఎడమవైపు. పక్కింటివాళ్లు దండ వేసి, ఊరేగించి, చివరికి ఓటు మాత్రం వేరే ఊరి మనిషికి వేయాల్సి వచ్చింది. "మిషన్ దగ్గరుంటే క్యాండిడేటువి, వంటింట్లోకొస్తే పొరుగు ఓటరువి. మధ్యలో రోడ్డు దాటేటప్పుడు ఎవరివక్కా నువ్వు?" అని టీకొట్టు మామయ్య ఏడిపించేవాడు. "రోడ్డు దాటేటప్పుడు నీకు టీ బాకీ లేని మనిషిని" అనేది ఆవిడ.

హద్దులు మళ్లీ సరిచేశారు. ఆవిడ మళ్లీ నిలబడింది, మళ్లీ ఓడిపోయింది. కానీ మెల్లగా ఆవిడ మాటలు వేరేవాళ్ల కరపత్రాల్లోకి ఎక్కాయి. డాక్టరమ్మ పట్టాల మీద నడక వంతెన కట్టించింది. నిటారు మెట్లు. అప్పటికే జీవితమంతా మిషన్ తొక్కీ తొక్కీ పెద్దమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. పోయిన ఎన్నికకి సగం మెట్లెక్కి కూలబడిపోయింది. కుర్చీలో మోసుకెళ్తామంటే ఒప్పుకోలేదు. ఓటు వేయకుండా వెనక్కి తిరిగొచ్చిన ఆవిడ మొహం నేను చూశాను. ఆ రోజే నేను ఇవతల బూత్ కోసం అర్జీ రాయడం మొదలుపెట్టాను. తర్వాత రాస్తూనే ఉన్నాను.

మేడమ్ గది చూడ్డానికి వచ్చిన రోజు పెద్దమ్మని చూసి, "మీలాంటి వాళ్ల కోసం ఇంటికొచ్చి ఓటు తీసుకునే ఏర్పాటుంది" అంది.

"నా ఒక్కదానికైతే చాలు తల్లీ. మరి గేటు పడితే పిల్లల తల్లులంతా ఏం చేయాలి? గది సంగతి చూడు," అంది పెద్దమ్మ.

వాలు కట్టారు. లైట్లు వేశారు. కుళాయి బాగైంది. గురువారం మధ్యాహ్నానికి తలుపు ఒక్కటే మిగిలింది. మేస్త్రీ బాబాయ్ గోడ మీద సున్నంతో తలుపు కొలత గీసి, సుత్తి కింద పెట్టి కూర్చున్నాడు. ఆయన పెదనాన్నకి ప్రాణ స్నేహితుడు. గీసిన కొలత సరిగ్గా మిషన్ చక్రం మీదుగా పోతోంది.

"ఏంటి బాబాయ్, మొదలుపెట్టలేదా?" అన్నాను.

"నా వల్ల కాదమ్మాయ్. వాడు నిచ్చెన మీదుంటే కింద రంగు డబ్బా పట్టుకున్నది నేనే. వేరే ఎవరినైనా పిలుచుకోండి."

వేరే మేస్త్రీని పిలుద్దామన్నా వీధిలో ఎవరూ ముందుకు రాలేదు. గోడని వదిలేసి బయట టెంటు వేస్తే ఒప్పుకుంటారేమో, నువ్వు ఇంగ్లీషులో రాసి అడుగు అని వీధివాళ్లంతా నన్ను ఒకటే పోరు పెట్టారు. టెంటుకి ఒప్పుకోరని మేడమ్ ముందే చెప్పేసింది. మర్నాడే ఆమె వస్తుంది. ఈ సంగతి పెద్దమ్మకి చెప్పొద్దని అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. అంతమంది చెప్పుకున్నాక ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది?

గోడ పట్టుకుని నెమ్మదిగా సందులోకి వచ్చింది. మా అమ్మ వెనకాల స్టూలు పట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా మేస్త్రీ, నా గోడకి కాపలా పెట్టారా నిన్ను?"

"వదినా, వాడి చేతి రాత అది. ఇంకెక్కడా లేదు."

"లేదు. సంఘం బోర్డు పోయినేడు గాలికి ఎగిరిపోయింది. ఇదొక్కటే." ఆవిడ బొమ్మ మీద చెయ్యి వేసింది. చక్రం గీత వెంట వేలితో తడిమింది.

"ఈ బొమ్మ ఎందుకేశాడో తెలుసా ఆయన?" అంది.

"నువ్వు గెలవాలని."

"నేను గెలుస్తానని ఆయన ఏనాడూ అనుకోలేదు, పిచ్చోడా. రంగు ఆరేదాకా పక్కన నిలబడి, దారిన పోయే ప్రతివాడికీ బూత్ సంగతి చెప్పేవాడు. బొమ్మ చూడ్డానికి ఆగుతారు కదా, అందుకు వేశాడు. ఇప్పుడు బూత్ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. నేను బొమ్మ పట్టుకుని దానికి అడ్డం పడుకుంటే, ఆయన నన్ను ఏమంటాడు?"

మేస్త్రీ బాబాయ్ తల దించుకున్నాడు. "ఏమంటాడు? తిడతాడు."

"మరి నాకు తిట్లు తినిపించకు. సుత్తి ఇటివ్వు."

"నీకు లేవదు వదినా."

"నువ్వూ పట్టుకో. ఆయనకి రంగు డబ్బా పట్టినట్టు నాకు సుత్తి పట్టు."

స్టూలు మీద కూర్చుని, బాబాయ్ చెయ్యి కింద, తన చెయ్యి పైన పెట్టి మొదటి దెబ్బ వేసింది. పెచ్చు ఊడి పడింది. ఆ పెచ్చులో ఎర్ర రంగు, దాని వెనక నీలం, దాని వెనక ఆకుపచ్చ. ఒక్కో ఎన్నికకి ఒక్కో పొర. అమ్మ వంగి ఒక ముక్క తీయబోతే, "వద్దే, చెత్తంతా ఇంట్లో పెట్టకు. దుమ్ము" అని కసిరింది. కసిరిందే గానీ, కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత బాబాయ్ ఆగలేదు. చీకటి పడకముందే గోడలో వెలుతురు కనిపించింది. మర్నాడు మధ్యాహ్నానికి గడపా తలుపూ కూర్చున్నాయి. మిగిలిన గోడకి ఆడవాళ్లం సున్నం వేశాం. సాయంత్రం మేడమ్ వచ్చి తలుపు మూసి, తీసి, మళ్లీ మూసి చూసింది. సరే అంది.

ఓట్ల రోజు పొద్దున్నే పెద్దమ్మ తాను కుట్టుకున్న రవిక వేసుకుని, తన కాళ్ల మీద తాను నడిచి బూత్‌కి వచ్చింది. వరసలో ముందుకు వెళ్లమని అందరూ దారిచ్చారు. వద్దంది. వరస ఎంత పొడుగుందో చూస్తూ నిలబడాలని ఉందంది. నిజంగానే మా వీధి అంత పొడుగు వరస నేనెప్పుడూ చూడలేదు. మధ్యలో గేటు పడింది, గూడ్సు బండి కూత వేసుకుంటూ పోయింది. ఎవరూ తల తిప్పి చూడలేదు.

ఆవిడ ఓటు వేసి సందులోకి వచ్చింది. వేలి మీది సిరా ఆరేదాకా ఊదుకుంది.

"ఎవరికి వేశావక్కా?" అన్నాడు మామయ్య.

"నీకెందుకు చెబుతాను? బూత్ దగ్గర అలాంటివి అడక్కూడదు. అవతలికి నడు."

ఆ ఎన్నికలోనూ అల్లుడే గెలిచాడు. ఆయన ఆఫీసులో గెలిచినవాళ్ల ఫొటోలు వరసగా ఉంటాయి, అందులో తప్పేమీ లేదు. ఓడినవాళ్ల ఫొటోలు ఎవరూ పెట్టరు. మీరు మా వైపు వచ్చి, పిల్లల తల్లులు చంకన బిడ్డతో తీరుబడిగా నడిచొచ్చి ఓటు వేసి వెళ్లడం చూస్తే, నిలబడిన ప్రతిసారీ ఓడిపోయిన ఒక కుట్టుపని ఆవిడ దాన్ని మాకు సంపాదించి పెట్టిందని తలచుకోండి. జాలిగా వద్దు. మా నియోజకవర్గానికి ఆవిడ క్యాండిడేటు. అలాగే గుర్తుపెట్టుకోండి.