పన్నెండో గుండుసూది

కుట్టుపని చేసే ఆ తల్లికి భయపడడానికి కారణం దొరకని రోజంటూ లేదు. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే బస్సులన్నీ బోల్తాపడినట్టు కనిపించేవి. భర్త రెండుసార్లు తుమ్మితే ఊపిరితిత్తులు చెడిపోయాయని తేల్చేసేది. అలాంటి ఇంట్లోకి కూతురు ఒక కుక్కపిల్లను చంకనెత్తుకుని వచ్చింది. ఇక చూడండి, ఆవిడ భయాలకు కాళ్లూ తోకా మొలిచాయి.

అది ఏ జాతిదో ఎవరూ చెప్పలేకపోయారు. చెవులు ఒక జాతివి, పొట్టికాళ్లు ఇంకో జాతివి, తోక మాత్రం ఎవరినో అడిగి తెచ్చుకున్నట్టుండేది. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలన్నీ చేర్చి కుట్టినట్టు, ఒళ్లంతా మూడు రంగులు. గుప్పెడంతే ఉంది కాబట్టి పిసరు అని పిలిచారు.

"ఉంచుకుంటే ఉంచుకో. ముందే చెబుతున్నా, ఇది నా చేతుల్లోనే పోతుంది," అంది తల్లి మొదటి రోజు. అలా అంటూనే పాలు మరీ వేడిగా ఉన్నాయేమోనని గిన్నెలో మూడుసార్లు వేలు పెట్టి చూసింది.

మూడు నెలలైనా పిసరు ఎక్కడికీ పోలేదు. కుట్టుమిషను కింద ఆవిడ పాదాల మధ్యే కాపురం పెట్టింది. రాలిన దారాలతో కుస్తీ పట్టేది. ఓడిపోయిన దారాన్ని నమిలేది. తల్లి కాలు కదపాలంటే ముందు వంగి దాని తోక ఎక్కడుందో చూసుకోవాల్సి వచ్చేది. కుక్క వచ్చినప్పటి నుంచి ఆవిడ ఇంకో నియమం కూడా పెట్టుకుంది. దూదిదిండుకు గుచ్చిన గుండుసూదులు పన్నెండు. పని మొదలుపెట్టేముందు ఒకసారి, భోజనానికి లేచేముందు ఒకసారి లెక్కపెట్టాల్సిందే.

ఒక మధ్యాహ్నం పదకొండే వచ్చాయి.

మళ్లీ లెక్కపెట్టింది. పదకొండే. కింద పిసరు నాలుకతో మూతి తుడుచుకుంటోంది.

"మింగేసింది!" అని కేక పెట్టింది తల్లి. "ఏమే, రావే త్వరగా! నీ కుక్క సూది మింగేసింది!"

కూతురు తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "నువ్వు చూశావా?"

"చూడాలా? మూతి నాకుతోంది చూడు!"

"అది ఎప్పుడూ నాకుతుందమ్మా. దానికి ఉన్న పనే అది."

"నువ్వు వాదిస్తూ కూర్చో, అది పేగుల్లో గుచ్చుకుంటూ పోతుంది."

ఇంక ఆవిడ ఆగలేదు. పని చేసేటప్పుడు తొడుక్కునే భర్త పాత చొక్కా, ఆ పొడుగుచేతుల చొక్కాతోనే, పిసరును తువ్వాలులో చుట్టి కూతురి స్కూటరు వెనక ఎక్కింది. దారిపొడవునా గుంత వచ్చినప్పుడల్లా "మెల్లిగా, సూది కదులుతుంది" అంటూనే ఉంది. పిసరు మాత్రం తువ్వాలులోంచి తల బయటపెట్టి, ఊరేగింపులో ఉన్నట్టు దారినపోయే వాళ్లందర్నీ పలకరించింది.

పశువుల డాక్టరమ్మ ఎక్స్‌రే తీయమంది. ఎక్స్‌రే తీసే ఆయన తల్లికి కిరణాలు సోకకుండా బరువైన సీసపు ఆప్రాన్ తగిలించి, "మెడా కాళ్లూ పట్టుకుని కదలకుండా ఉంచండి. పొట్ట మీద మాత్రం చెయ్యి పెట్టొద్దు," అని గట్టిగా చెప్పాడు.

కాసేపటికి వెలుగుతున్న తెరమీద పిసరు పక్కటెముకలు కనిపించాయి. వాటి వెనక, సరిగ్గా పొట్ట మధ్యలో, తలతో సహా మెరిసిపోతూ ఒక గుండుసూది.

"చెప్పానా లేదా!" అంది తల్లి. ఇన్నేళ్లలో ఆవిడ పడ్డ భయం ఒక్కటి నిజమవడం అదే మొదలు. అర నిమిషం పాటు గర్వంగా కూతురి వంక చూసింది. ఆ తర్వాత బల్లమీద కూలబడింది.

"ఇంకా లోపలికి జారకముందే పొట్ట కోసి తీసేద్దాం," అంది డాక్టరమ్మ. "ఈ కాగితం మీద సంతకం పెట్టండి."

తల్లి కలం పట్టుకుని వంగింది. చొక్కాచేతి మడత కాగితానికి రాసుకుని బర్రుమని చీల్చింది. ఏమిటా అని చూస్తే, మడతలో గుచ్చి ఉంది పన్నెండోది. పని తొందరలో సూదిని దిండుకు బదులు చొక్కాచేతికే గుచ్చుకునే అలవాటు ఆవిడది. ఇందాక ఫొటో తీసేటప్పుడు పిసరు వణుకుతోందని ఆఖరి క్షణంలో పొట్ట నిమిరింది కూడా.

లోపల మిషను జుయ్యిమంది. పిసరు పొట్టమీది బొచ్చు తీయడం మొదలుపెట్టారు. సూది సంగతి చెబితే కుక్క పొట్ట దక్కుతుంది, తన పరువు పోతుంది. రెండూ దక్కే దారి ఉందేమోనని ఆవిడ మడత మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది.

"డాక్టరు గారూ, ఇంకొక్క ఫొటో తీస్తే మంచిదేమోనండి."

"ఎందుకమ్మా? స్పష్టంగా కనిపిస్తోందిగా."

"ఈపాటికి అది బయటికి పోయి ఉండొచ్చు కదండీ."

"ఎట్నుంచి?"

తల్లి మడతను ఇంకా గట్టిగా అదుముకుంది. "నా మనసెందుకో కీడు శంకిస్తోందండి."

"నీ మనసు శంకించనిది ఎప్పుడమ్మా?" అంది వెనక నుంచి కూతురు, ముక్కు తుడుచుకుంటూ. "పక్కకి రా, వాళ్లని చెయ్యనీ."

డాక్టరమ్మ మత్తు సూది చేతిలోకి తీసుకుంది. బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టిన పిసరు తల్లిని చూసి, కాళ్లు కట్టేసి ఉన్నా తోక ఆడించింది.

అంతే. "ఆగండి! అది దాని కడుపులో లేదు!" అని అరిచి తల్లి చెయ్యి చాపింది. "ఇదిగో, ఇక్కడుంది."

మొదట ఎక్స్‌రే ఆయన తేరుకున్నాడు. "పొట్ట మీద చెయ్యి పెట్టొద్దన్నానా?"

"వణుకుతోంది నాయనా, ఎలా పెట్టకుండా ఉంటాను?"

"అది వణికిందా, మీరు వణికారా?"

"ఇద్దరం," అంది తల్లి నేల చూస్తూ.

డాక్టరమ్మ మొహం పక్కకు తిప్పుకుంది గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. నిర్ధారణ కోసం ఇంకో ఫొటో తీశారు, ఈసారి తల్లిని తలుపు బయట నిలబెట్టి. పొట్ట శుభ్రంగా ఉంది.

కానీ పొట్టకింద బొచ్చు పోయిన చోట అరచేతి వెడల్పున గులాబిరంగు చర్మం మిగిలింది. ఇంటికి రాగానే భర్త కళ్లద్దాలు సర్దుకుని దాన్ని పరీక్షగా చూశాడు.

"ఇదేమిటి, ఇక్కడెందుకు గొరిగారు?"

కూతురు నోరు తెరిచింది. తల్లి గబుక్కున అందుకుంది. "కొలతలు తీసుకున్నారు."

"కొలతలా? దేనికి?"

"చొక్కాకి," అంది ఆవిడ.

ఆడిన మాట నిలబెట్టుకోవాలి కదా. దానికి తోడు ఆ బోడిపొట్టకు గాలి తగిలి నిమోనియా వస్తుందనే భయం అప్పటికే మొదలైంది. గంటసేపు కూర్చుని నాలుగు కాళ్ల చొక్కా కుట్టింది.

సాయంత్రం పిసరు కొత్త చొక్కా వేసుకుని తలెత్తుకుని వీధిలో నడిచింది. ఎదురైన వాళ్లంతా ఎందుకీ సింగారమని అడుగుతుంటే కూతురు ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పింది. తల్లి పది అడుగులు వెనక, ఆ కుక్క ఎవరిదో తనకు తెలియనట్టు నడిచింది.