స్క్రీన్‌లోంచి కారిన చీకటి

పెద్దమ్మాయి రోజూ పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి, అది తెరుచుకునేలోగా పళ్లు తోముకుని వచ్చేది. ఆ బుధవారం వచ్చి చూస్తే ఫ్యాన్లు గిరగిరా తిరుగుతున్నాయి గానీ స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. కింది అంచు నుంచి చీకటి బొట్లుబొట్లుగా టేబుల్ మీదికి కారుతోంది. అమ్మ పాత తువ్వాలుతో తుడిచి, బకెట్లోకి పిండేసి, కీబోర్డు మీద పడనివ్వకు అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం పదింటికి ఆన్‌లైన్ ఆట పోటీ. అందులో గెలిస్తే పేరున్న జట్టులో చోటు. రెండేళ్లుగా దానికోసమే వేళ్లు కాయలు కాసేలా ఆడింది. కేబుల్ మార్చి చూసింది. పక్కింటివాళ్ల స్క్రీన్ బతిమాలి తెచ్చి తగిలించింది. అదీ కారింది.

గురువారం రిపేరాయన వచ్చాడు. గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి, రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాడు. కార్డు లేకుండా పెడితే బొమ్మ వచ్చింది కానీ, ఆట నత్తనడక. అలాగే కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తిరిగి కార్డు పెట్టాడు. మళ్లీ చీకటే. మోచేతుల దాకా నల్లబడ్డ చేతులు కడుక్కుంటూ, తనకేమీ అంతుచిక్కడం లేదన్నాడు.

శనివారం మధ్యాహ్నం నిండిన బకెట్ పారబోయడానికి వెళ్తుంటే, నాన్న గది ముందు ఆమె చెయ్యి జారింది. చీకటంతా తలుపు కిందనుంచి లోపలికి పోయింది.

నాన్నకు కాగితం మిల్లులో రాత్రి డ్యూటీ. మూడు నెలలుగా పగలు కంటిమీద కునుకు లేదు. కిటికీకి దుప్పటి కట్టినా ఎండ దూరేది. కిందటి వారం కటింగ్ మెషిన్ దగ్గర తూలితే, పక్కవాడు చొక్కా పట్టి వెనక్కి లాగాడట.

ఆమె గుడ్డ పట్టుకుని పరుగెత్తింది. గదిలో చీకటి మంచం ఎత్తుకు లేచింది. నాన్న కాళ్లు పైకి లాక్కున్నాడు.

"ఉండనీ తల్లీ," అని ఒక పక్కకు ఒత్తిగిల్లాడు. ఆమె గడప దాటేలోపే గురక మొదలైంది. సాయంత్రానికి చీకటి ఆరిపోయింది. నాన్న మాత్రం ఇంకా లేవలేదు.

ఆదివారం తొమ్మిదింటికి రిపేరాయన రొప్పుతూ వచ్చాడు. "దొరికిందమ్మా. తప్పు కార్డుది కాదు, పవర్ సప్లైది. ఇది మారిస్తే పదికల్లా ఆడుకోవచ్చు. ఇక చుక్క కూడా కారదు."

"తర్వాత పాతదే మళ్లీ పెట్టుకోవచ్చా?"

"లోపల కాలిపోయి ఉంది. ఒకసారి విప్పితే మళ్లీ పనిచెయ్యదు."

నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమె అటు చూసింది. గడియారం వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పమ్మా అన్నట్టు రిపేరాయన స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డాడు.

"వద్దులెండి," అంది.

పదింటికి జట్టు నాయకురాలు ఫోన్ చేసింది. స్క్రీన్ బాగవ్వలేదని ఈమె చెప్పింది. అవతలి పిల్ల కాసేపు బాధపడి, ఇంకొకరిని తీసుకుంటామంది. సరేనని ఫోన్ పెట్టేసింది. బకెట్‌ను చుక్క పడే చోటికి జరిపి, అది నిండేదాకా పక్కనే కూర్చుంది.