అగొంగ్ ఎందుకు తినడం మానేశాడు

ఇంట్లో పెద్దాయన తిండి మానేస్తే ఆ ఇంట్లో అందరూ వైద్యులైపోతారు. లుకాంగ్ పట్టణంలో స్కూటర్లు బాగుచేసే చెంగ్-యూ ఇంట్లోనూ అదే జరిగింది. అతని తండ్రికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఇంటా బయటా ఆయన్ని అందరూ అగొంగ్, అంటే తాతయ్య అనే పిలుస్తారు. కొన్నాళ్లుగా అగొంగ్ గంజి గిన్నె కనిపిస్తే చాలు, మూతి బిగించేస్తున్నాడు. కోడలు పీ-యున్ చిలగడదుంప వేసి గంజి కాచింది. బతిమాలింది, కసిరింది కూడా. "ఏడో నెల కదమ్మా, గాలేదో సోకుంటుంది" అని తేల్చేసింది పక్కింటావిడ. చచ్చిపోయినవాళ్లు మన మధ్య తిరిగే నెల అది. ఆ నెలలో పెళ్లి చెయ్యరు, ఇల్లు మారరు, ఒంటిమీద కత్తి పడనివ్వరు.

చివరికి ఇళ్లకు వచ్చి చూసే డాక్టర్ జువాంగ్‌కు కబురు వెళ్లింది. అరచేతిలో ఇమిడిపోయే స్కానింగ్ యంత్రం ఆవిడ సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

"ముందు గుండె చూద్దాం. ఆయన్ని ఎడమపక్కకు తిప్పండి" అంది డాక్టరు.

"అ-నీ!" అని కేకేసింది పీ-యున్. అగొంగ్‌ని కనిపెట్టుకుని ఉండటానికి జావా నుంచి వచ్చిన అమ్మాయి అ-నీ. ఎత్తడం, తిప్పడం, కడగడం, తినిపించడం అన్నీ ఆమె పనే. పడక కూడా ఆయన మంచం పక్కన చాప మీదే. ఆ అమ్మాయి పళ్లు బిగబట్టి ఆయన్ని తిప్పి, చటుక్కున తన పక్కటెముకల కింద చెయ్యి అదుముకుంది. అది ఎవరూ చూడలేదు. డాక్టరు చూపు తెర మీద ఉంది.

"గుండె బాగానే కొట్టుకుంటోంది. ఊపిరితిత్తుల్లో నీరు లేదు. పొట్టలోనూ అడ్డేమీ కనిపించడం లేదు."

అంతలో అగొంగ్ ఎడమచేత్తో ఆవిడ చెయ్యి తోసేశాడు.

"చూశారా మొండితనం! నాతోనూ ఇంతే" అంది పీ-యున్.

"నాన్నకి చక్కిలిగింతలెక్కువ" అని నవ్వాడు చెంగ్-యూ.

అగొంగ్ మళ్లీ తోశాడు. ఈసారి డాక్టరు మణికట్టు పట్టుకుని, ఆ యంత్రాన్ని మంచం అంచు దాటించి అ-నీ వైపు లాగాడు. డాక్టరు తలెత్తి చూసింది. అ-నీ ముఖం నిండా చెమటలు, చెయ్యి ఇంకా పక్కటెముకల కిందే ఉంది.

"ఎన్నాళ్లనుంచమ్మా నొప్పి?"

ఆ అమ్మాయి యజమానురాలి వంక చూసింది. "ఏం లేదు డాక్టరమ్మా."

"మిరపకాయలు నూరుకుని తింటుందండీ, చెప్తే వినదు. కడుపు మండదా మరి?" అంది పీ-యున్.

"కారం తింటే మంట పుడుతుంది, నిజమే. మనిషిని తిప్పగానే ఇలా చెయ్యి అదుముకుంటారా? నువ్వా కుర్చీలో కూర్చుని వెనక్కి వాలమ్మా. పేరేంటి?"

"అ-నీ."

"అది వీళ్లు పిలిచే పేరు. మీ అమ్మ పెట్టింది చెప్పు."

"వహ్యూని."

పీ-యున్ ఆ పేరు కాగితాల్లో చూసిందే గానీ ఎన్నడూ నోరారా పలకలేదు.

డాక్టరు యంత్రాన్ని కుడి పక్కటెముకల కింద ఆనించి మెల్లగా నొక్కింది. వహ్యూని ఊపిరి మధ్యలోనే ఆగిపోయింది.

"ఇదిగో, ఈ తెల్లగా మెరిసేది రాయి. పిత్తాశయం మూతి దగ్గర ఇరుక్కుంది. గోడ వాచిపోయింది. ఇవాళే ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్ అవసరమవుతుంది."

"ఇవాళేనా? ఏడో నెలలో కత్తి పడకూడదండీ, ఈ నెల గడవనివ్వండి. అయినా మామగారిని ఎవరు ఎత్తుతారు?"

మొదటి మాట నోటినుంచి వచ్చింది, రెండోది మనసులోంచి. పీ-యున్ చెడ్డ మనిషి కాదు. తన పిల్లలకు పళ్లు కొంటే ఈ అమ్మాయికీ ఓ పండు దాచిపెట్టేది. ఈ అమ్మాయికి కూడా జబ్బు చేస్తుందన్న ఊహ మాత్రం ఆవిడకు ఎన్నడూ రాలేదు.

"దయ్యాలకైతే వీధిలో బల్ల వేసి భోజనం పెట్టామంటే తినేసి పోతాయి. రాయికి నెలలు తెలీవు. ఈ వాపు ముదిరి లోపల పగిలితే పిల్ల ప్రాణం మీదికొస్తుంది" అంది డాక్టరు.

వహ్యూని పీ-యున్ వైపు తిరిగింది. "జబ్బుమనిషినని నన్ను వెనక్కి పంపించేస్తారా అమ్మగారూ?"

ఇన్నాళ్లూ ఆ అమ్మాయి నొప్పిని దిగమింగింది ఈ భయంతోనే.

పీ-యున్ లోపలికి వెళ్లి ఆసుపత్రిలో చలి వేస్తుందని తన ఉన్ని చొక్కా తెచ్చి ఆ అమ్మాయి భుజాల మీద కప్పింది. "ఎవరూ పంపించరు వహ్యూనీ. పద, నేనూ వస్తాను."

చెంగ్-యూ తండ్రి చంకల కింద చేతులు వేశాడు. ఇంజన్లు ఎత్తే ఒళ్లే అయినా మొదటిసారికి లేపలేకపోయాడు. రెండోసారి ఎలాగో కూర్చోబెట్టి, ఆయాసపడుతూ గంజి చెంచా అందించాడు. అగొంగ్ కొడుకు ముఖంలోకి చూశాడు. నోరు తెరిచాడు.

చెంగ్-యూకు అప్పుడు అర్థమైంది. తినాలంటే లేచి కూర్చోవాలి, కూర్చోవాలంటే ఆ పిల్ల ఎత్తాలి. ఆ పిల్ల బాధ చూడలేక నాన్న పస్తులుంటున్నాడు.

డాక్టరు సంచి సర్దుకుంటూ అంది: "నేనూ తెర మీదే కళ్లు పెట్టుకున్నాను చెంగ్-యూ. మంచం మీద ఉన్నవాళ్లే రోగులనుకుంటాం. వాళ్లను రోజూ ఎత్తే మనిషికీ ఒక ఒళ్లుందని, అదీ నొప్పి పెడుతుందని, మాటలొచ్చిన మనకి తెలియలేదు. మాట పోయిన మీ నాన్న చెప్పాల్సొచ్చింది."