సంతకం లేని పిలుపు

“ఓంకార్ బాబూ! ఎనిమిదిన్నర గూడ్సు! ఓంకార్ బాబూ!”

మూడోసారి పిలవాల్సిన పని లేకపోయింది. లోపల మంచం కిర్రుమంది. గూడ్సు డ్రైవరు ఓంకార్ దుప్పటి కప్పుకొని తలుపు తీసి, “అరే భాయ్, సున్ లియా” అని సణుగుతూ గేటు దాకా వచ్చాడు. ఎర్రయ్య చంకలోని నల్ల అట్ట పుస్తకం తెరిచి, చెవి మీది పెన్సిలు తీసి అందించాడు. ఓంకార్ సంతకం పెట్టి, పక్కన ఆరుంబావు అని టైము వేశాడు.

“అచ్ఛా, ఆజ్ ఆఖ్‌రీ దిన్ హై న?” అన్నాడు ఉన్నట్టుండి.

“అవును బాబూ. ఈయాలతో సరి.”

ఓంకార్ ఇంకేదో అనబోయాడు. ఎర్రయ్య అప్పటికే పక్క వీధి మలుపు తిరిగాడు.

ఎనభై ఎనిమిదో సంవత్సరం, జనవరి నెలాఖరు ఆదివారం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ మీద పొగమంచు ఇంకా విడలేదు. ఎర్రయ్యకి యాభై ఎనిమిదేళ్ళు నిండాయి, ఇవాళ్టితో రిటైరు. అతని ఉద్యోగం పేరు మాత్రం కాల్‌బాయ్. ఏ బండికి ఏ డ్రైవరు ఎక్కాలో ఇంజన్ల షెడ్డులో గుమాస్తా చీటీ రాసిస్తాడు. ఆ డ్రైవరు ఇంటికి వెళ్ళి, లేపి, సంతకం తీసుకు రావాలి. ఆ పిలుపునే అక్కడ ‘కాల్’ అంటారు. అంతే పని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. షెడ్డు వాళ్ళు ఒక సైకిలు కూడా ఇచ్చారు గానీ, ఎర్రయ్యకి సైకిలు మీద కూచోవడం ఎప్పటికీ పట్టుబడలేదు. నడిచే తిరిగాడు.

మనిషి పొడుగు. బక్కపలచని ఒంటి మీద ఖాకీ కోటు తాడు మీద ఆరేసినట్టు వేలాడుతూ ఉంటుంది. పిక్కలు మాత్రం రాళ్ళు. మెడ కాస్త ఎడమకి వాలి ఉంటుంది, ఎప్పుడూ ఏదో గోడకి చెవి ఆనించి వింటున్నట్టు. ఆ సన్నటి మెడలోంచి అంత గొంతు ఎలా వస్తుందో ఎవరికీ అర్థం కాదు. గాఢ నిద్రలో ఉన్న మనిషిని రెండు గోడల అవతల నుంచి లేపగలడు. అలాగని అందరినీ ఒకేలా లేపడు. పసిపిల్లలున్న ఇంటి దగ్గర కిటికీ ఊచ మీద వేలితో తడతాడు. చెవుడొచ్చిన డ్రైవరు అమ్మన్న ఇంటి దగ్గర గేటుని కర్రతో గణగణలాడిస్తాడు. కొత్తగా పెళ్ళయిన వాళ్ళ ఇంటి ముందు కాసేపు దగ్గి, ఆ తర్వాత పిలుస్తాడు. ఎవరింటి గడపా దాటి లోపలికి వెళ్ళడు.

ఏడు గంటలకి షెడ్డుకి తిరిగి వెళ్తూ దారిలో తన క్వార్టరు ముందు ఆగాడు. భార్య కనకం స్నానం చేసి, నీళ్ళు కారుతున్న జుట్టుతోనే పొయ్యి ముందు కూచుంది. ఆ రోజు డ్రైవర్లూ గార్డులూ పిల్లాపాపలతో కలిసి రతన్‌పూర్ అవతలి కూటాఘాట్ ఆనకట్టకి పిక్నిక్ వెళ్తున్నారు. పదకొండింటికి బస్సు. సాయంత్రం ఐదింటికి ఆ నీళ్ళలో మోటారు లాంచీ మాట్లాడారు. సూర్యుడు కుంకేదాకా లాంచీ మీద పాటలు, తిండి, గంతులు. ఏటేటా వెళ్తారు. ఏటేటా ఎర్రయ్యే ఇల్లిల్లూ తిరిగి బస్సు టైము చెప్పి వస్తాడు. తను మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. అందరూ పోతే డ్యూటీలో ఉన్న వాళ్ళని లేపేది ఎవరు? ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఒకరు ఎప్పుడూ ఎర్రయ్యే అయ్యాడు. మొగుడు లేకుండా వెళ్ళడం ఇష్టం లేక కనకమూ వెళ్ళలేదు.

“రెండింటికి నా డూటీ అయిపోద్ది. రవణ రాగానే బుక్కు ఇచ్చీసి సర్వీసు బస్సెక్కీస్తాను. నువ్వు ఆళ్ళతో ముందెల్లు” అన్నాడు ఎర్రయ్య.

కనకం తల తిప్పకుండానే అడిగింది. “నిజంగా వస్తావేటి మావా?”

“రాకేటి?”

“నువ్వు రాపోతే నాను ఆ పడవెక్కను. ఒడ్డునే కూకుంటాను.”

ఎర్రయ్య నవ్వి వెళ్ళిపోయాడు.

రెండయింది. తర్వాతి డ్యూటీకి రావలసిన రెండో కాల్‌బాయ్ రమణబాబు రాలేదు. రెండుంబావుకి వాళ్ళ వీధిలో వాళ్ళెవరో కబురు తెచ్చారు. రమణబాబు సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. షెడ్డు గుమాస్తా రాంప్రసాద్ రిజిస్టరులోంచి తలెత్తి కాసేపు ఎర్రయ్య వంక చూశాడు. చెడ్డవాడు కాదు. కానీ అతని చేతిలో ఆరు బండ్ల చీటీలున్నాయి.

“రాత్రి పదింటి వాడొచ్చేదాకా నువ్వే ఉండాలి దాదా. క్యా కరేఁ?”

“అలగేనండి” అన్నాడు ఎర్రయ్య. ఇంకో మాట అనడం అతనికి చేతకాదు. చీటీలు తీసుకుని బయటికి వచ్చాడు. ఎండ చురుక్కుమంటోంది. కాలనీ అంతా ఖాళీగా ఉంది. సగం ఇళ్ళకి తాళాలు. ఏ తాళం ఎవరిదో, వాళ్ళంతా ఇప్పుడు ఎక్కడ ఉండి ఉంటారో అతనికి తెలుసు. ఒక చెట్టు కింద దుప్పట్లు పరిచి భోజనాలు చేస్తూ ఉంటారు. కనకం పక్కకి జరిగి, రోడ్డు కనబడే చోట కూచుని ఉంటుంది. 

ఆ వీధి చివరి క్వార్టరు మెయిల్ డ్రైవరు శేషగిరిరావుది. పొద్దున్నే బండి దిగి వచ్చాడు కాబట్టి ఆయనకి రేపటిదాకా డ్యూటీ లేదు. భార్య శాంతాదేవి, కూతురు సౌమ్య పిక్నిక్‌కి వెళ్ళారు. ఆయన వరండాలో పేపరు చదువుతూ కూచున్నాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పద్నాలుగేళ్ళుగా ఎర్రయ్య పుస్తకంలో తల ఎత్తకుండా సంతకం పెడుతున్నాడు.

ఆ పద్నాలుగేళ్ళ వెనక ఒక సంగతి ఉంది. డెబ్భై నాలుగు మే నెలలో రైళ్ళన్నీ ఆగిపోయిన సమ్మె. డ్రైవర్ల కోసం పోలీసులు తిరుగుతుంటే ఎవరికి వాళ్ళు ఊళ్ళు పట్టుకుని పోయారు. ఎవరు ఎక్కడ దాక్కున్నారో కాలనీలో అందరికన్నా బాగా తెలిసింది ఎర్రయ్యకే. ఒక పెద్ద అధికారి పిలిపించి, జీపు ఎక్కి దారి చూపించమన్నాడు. ఎర్రయ్య చేతులు కట్టుకుని, “నాకు దార్లు గుర్తుండవండి బాబూ” అన్నాడు. ఊళ్ళో ప్రతి గుమ్మమూ తెలిసిన మనిషి ఆ మాట అన్నాడు. దాంతో పది నెలలు ఉద్యోగం లేదు. కనకం మోదుగాకులు కుట్టి ఇల్లు నడిపింది.

ఆ రోజుల్లోనే శేషగిరిరావు దూరాన బెల్తరా అనే పల్లెలో ఒక రైతు పశువుల పాకలో దాక్కుని ఉన్నాడు. ఇక్కడ శాంతాదేవికి నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం అనే మాట ఆయనకి చేర్చడానికి ఎవరూ లేరు. ఎర్రయ్య మండుటెండలో పొలాలకి అడ్డంపడి బెల్తరా దాకా నడిచాడు. పాక బయట నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచి, మాట చెప్పి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేశాడు. అతని ఉద్యోగంలో సంతకం తీసుకోని పిలుపు అదొక్కటే. ఆ మాట వాళ్ళిద్దరూ మళ్ళీ ఎప్పుడూ ఎత్తుకోలేదు.

“ఎర్రయ్యా!”

ఎర్రయ్య ఆగాడు.

“బోటుకి వెళ్ళలేదేం?”

“రవణ పడిపోయినాడండి. సెయ్యి ఇరిగిపోనాదంట. నాను ఉండాల.”

శేషగిరిరావు పేపరు మడిచి లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పటికి చొక్కా వేసుకుని ఉన్నాడు. గేటు తీసుకుని వీధిలోకి వచ్చి చెయ్యి చాపాడు.

“ఆ బుక్కు ఇలా ఇయ్యి.”

“అదేటండి బాబూ! తమరు తిరుగుతారేటి?”

“నాకు తెలీని ఇళ్ళా ఇవి?”

“బాగోదండి. మెయిలు డ్రైవరు కాల్‌బాయ్ పని సెయ్యడమేటి! నలుగురూ సూస్తే...”

శేషగిరిరావు ఎండకి కళ్ళు చికిలించి ఎటో చూస్తూ అన్నాడు. “నువ్వు బెల్తరా దాకా నడిచావు. నేను ఈ నాలుగు వీధులూ నడవలేనా?”

ఎర్రయ్య పుస్తకం చంకలోంచి దానంతటదే బయటికి వచ్చింది. పెన్సిలు ఇవ్వడం మరిచిపోతే, శేషగిరిరావే అతని చెవి మీంచి తీసుకుని తన చెవి మీద పెట్టుకున్నాడు.

“రాంప్రసాద్‌తో నేను చెప్పుకుంటాను. పో. మూడుంబావుకి బస్సుంది.”

ఎర్రయ్య నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “అమ్మన్న బాబుకి సెవుడండి. గేటు గట్టిగా కొట్టాల.”

“తెలుసు, పోవయ్యా!”

రతన్‌పూర్ దాటాక బస్సు దింపిన చోటునుంచి ఆనకట్టకి ఇంకా నాలుగు మైళ్ళు. సగం దూరం ఒక ట్రాక్టరు వాడు ఎక్కించుకున్నాడు. మిగతా సగం ఎర్రయ్య నడవలేదు, పరుగెత్తాడు. కట్ట ఎక్కేసరికి ఐదుంబావు దాటింది.

ఒడ్డున ఖాళీ దుప్పట్లు, వంట గిన్నెలు. లాంచీ వెళ్ళిపోయింది. చాలా దూరంలో, నీళ్ళ నడుమ కనబడుతోంది. చుట్టూ రంగు కాగితాల జెండాలు కట్టారు. సూర్యుణ్ణి చూపించడానికి కాబోలు, ఇంజను ఆపేశారు. టేప్‌రికార్డరులో హిందీ పాట నీళ్ళ మీదుగా సన్నగా వినబడుతోంది. కొండల మీద సూర్యుడు ఎర్రగా, పెద్దగా ఉన్నాడు. ఇంకో అరగంటలో కుంకిపోతాడు. ఒడ్డున కనకం ఎక్కడా లేదు. ఎక్కనన్న పడవ ఎక్కిందన్నమాట. మంచిదే, అనుకున్నాడు ఎర్రయ్య. అయినా అక్కడ అలా ఊరుకుని నిలబడలేకపోయాడు.

నీటి అంచుకి దిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఉత్త కేక ఎవరినీ లేపదు. మనిషిని పేరు పెట్టి పిలవాలి. ఆ లాంచీలో ముప్ఫై మంది ఉన్నారు. వాళ్ళందరి పేర్లూ అతని నాలుక చివరే ఉంటాయి. కానీ బయటికి వచ్చిన పేరు, పెళ్ళయిన ముప్ఫై ఏడేళ్ళలో అతను ఎన్నడూ పలకనిది.

“కనకం! ఓ కనకం! కాల్ వొచ్చింది!”

లాంచీలో నలుగురు డ్రైవర్లు డ్యూటీ పిలుపే అనుకుని దిగ్గున లేచి నిలబడ్డారు. ఒకాయన చెయ్యి పెన్ను కోసం జేబు తడుముకుంది. ఎవరో టేప్‌రికార్డరు ఆపేశారు. ఆ గొంతు ఎవరిదో, అది పిలిచింది ఎవరినో తెలిశాక ఒక్కసారిగా నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్య కనకం పైట కొంగు నెత్తి మీదకి లాక్కుని, ముఖం చేతుల్లో దాచుకుంది.

లాంచీ వెనక్కి తిరిగి ఒడ్డుకి వచ్చింది. ఒడ్డు నుంచి లాంచీకి వేసిన ఊగే చెక్క మీద ఇందాక అందరూ ఇద్దరి చేతులు పట్టుకుని దాటారట. ఎర్రయ్య ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కళింగపట్నం దగ్గర జాలరి పల్లెలో తొమ్మిదేళ్ళప్పుడు తండ్రితో తెప్ప మీద నిలబడిన కాళ్ళు అవి. లాంచీ ఎటు ఒరిగితే అటు ఒంగి, నీటుగా నడిచి వెళ్ళి కనకం పక్కన కూచున్నాడు. ఆమె పక్కన గుడ్డ సంచీ పెట్టి ఆ చోటు కాచింది. గార్డుల భార్యలు అడిగినా ఇవ్వలేదట.

“ఎక్కనన్నావు?”

“శాంతమ్మ గారు రెక్కట్టుకు లాక్కొచ్చీసినారు.” కనకం ఇంకా తల ఎత్తలేదు. “ఊరందరి ముందూ పేరెట్టి పిలిసీసినావేటి మావా!”

“మరేటని పిలవాల?”

ఆమె కాస్త ఆలోచించి, నీళ్ళ వైపు చూస్తూ, “అలగే పిలువు” అంది.

పద్నాలుగో ఏట ఉన్న సౌమ్య వచ్చి, “అంకుల్, డాడీ క్యూఁ నహీఁ ఆయే?” అని తండ్రి ఎందుకు రాలేదో అడిగింది.

“మీ డాడీ నా డూటీ సేస్తన్నారమ్మా.”

పక్కన నారింజ తొనలు ఒలుస్తున్న శాంతాదేవి చేతులు ఆగిపోయాయి. ఎర్రయ్య వంక చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఈ పని ఆయన ఎప్పుడో చెయ్యాల్సింది, ఎర్రయ్యా” అని, ఒలిచిన తొనలన్నీ అతని చేతిలో పోసింది.

తర్వాత ఎవరో అతని మెడలో బంతిపూల దండ వేశారు. ఎవరో మళ్ళీ పాట పెట్టారు. కుర్రగార్డులు గంతులు వేస్తూ అతన్ని కూడా లేపారు. వద్దన్నాడు, సిగ్గుపడ్డాడు. చివరికి కోటు విప్పి కనకం ఒళ్ళో పడేసి, గుండె మీద రెండు అరచేతులతో చరుచుకుంటూ తన ఊరి తప్పెటగుళ్ళ ఆట అడుగు వేశాడు. అది ఆ హిందీ పాటకి ఎక్కడా అతకలేదు. అయినా లాంచీ అంతా చప్పట్లు కొట్టింది. అందరికన్నా గట్టిగా కొట్టింది కనకం. సూర్యుడు కొండ అంచు తాకి, నీళ్ళంతా రాగి రంగు చేసి దిగిపోతుంటే, అందరూ గంతులు ఆపి చూశారు. ఎర్రయ్యా చూశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్నో పొద్దుకూకడాలు అతని తల మీదుగా పోయాయి. ఆగి చూడడానికి తీరిక దొరికింది ఇదొక్కసారే.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కనకం కూచుంది. రతన్‌పూర్ దీపాలు కనబడుతున్నాయి. తన ఉద్యోగం ఆ నీళ్ళ మీద ఎక్కడో, తను గంతులు వేస్తున్నప్పుడో నారింజ తింటున్నప్పుడో అయిపోయిందనీ, తను గమనించనే లేదనీ ఎర్రయ్యకి అప్పుడు తట్టింది. వెతికి చూసుకున్నా దిగులు కనబడలేదు.

“రేపేటి సేస్తావు మావా?”

“పొద్దెక్కీదాకా తొంగుంటాను. నన్ను ఎవులూ లేపొద్దు.”

కనకం నవ్వి, కిందికి చూసి, ఇంకా గట్టిగా నవ్వింది. “సెప్పులేవి?”

ఎర్రయ్య తన పాదాల వంక చూసుకున్నాడు. పడవ ఎక్కేటప్పుడు జాలర్ల అలవాటు కొద్దీ విప్పినట్టున్నాడు. వెనక్కి వచ్చేటప్పుడు ఆ ధ్యాసే లేదు.

అక్కడ ఆనకట్ట రాళ్ళ మీద, మడమల దగ్గర కాగితమంత పలచగా అరిగిపోయిన టైరు చెప్పులు రెండూ పక్కపక్కనే, నీళ్ళ వైపు తిరిగి ఉన్నాయి.