ఒడ్డు చివరి కమ్మీ

సముద్రపు ఒడ్డునున్న మా ఊరు అబెరిస్ట్విత్‌లో ఆ సాయంత్రం సముద్రమేదో పొగమంచేదో తెలియడం లేదు. దేశాల రాజకీయాలు బోధించే ప్రొఫెసర్లు ఇద్వాల్, నెరిస్ నా పక్కన రోజూ ఉండే గోలే పెట్టుకుని నడుస్తున్నారు.

"దేశాల నెత్తిన పోలీసు లేడు. ఎవడి భయం వాడిది, ఎవడి కత్తి వాడిది," అన్నాడు ఇద్వాల్.

"పోలీసు లేకపోతే కొట్టుకు చావాలా? నలుగురూ పాటిస్తే అలవాటే చట్టమవుతుంది," అంది నెరిస్.

"అడిగేవాడు లేకపోతే ఎవడు పాటిస్తాడమ్మా!"

ఒడ్డు బాట చివరికొచ్చాం. అక్కడి ఇనుప కమ్మీని కాలితో తన్నందే మా ఊళ్లో ఎవరూ వెనుదిరగరు. ఎందుకో ఎవరికీ తెలియదు. మానేస్తే అడిగేవాడూ లేడు.

ఇద్వాల్ వాదిస్తూనే కమ్మీని తన్నాడు. ఆ మోత మెల్లగా మంచులో కరిగిపోయింది.

"ఇప్పుడెవరడిగారు మాస్టారూ?" అన్నాను.

పెద్దమనిషి తన బూటుకేసి, అదేదో పరాయి దేశపుదైనట్టు, చాలాసేపు చూశాడు.